విడి పొట్లం

అపియా క్లినిక్కులో ప్రింటరు తీగ బల్ల వెనక్కి జారిపోయింది. దాన్ని అందుకోవడానికి, కంప్యూటర్లు చూసే కంపెనీ తరపున వచ్చిన తెలేసియా మోకాళ్ళ మీద వంగి బల్ల కిందకి దూరింది. అందుకే ఆమెకి ముందుగా కనిపించింది మనిషి కాదు, పాదాలు. ముడతలు పడ్డ పాదాలు, అరిగిన రబ్బరు చెప్పులు, వాటి అంచున ఎండిన ఎర్రమట్టి. కొండకి ఆవలి దక్షిణ తీరం నుంచి బస్సు దిగేవాళ్ళ చెప్పులన్నీ అలాగే ఉంటాయి.

“పేరు చెప్పండి పెద్దమ్మా,” అంది పైనుంచి, బల్ల దగ్గర పేర్లు రాసుకునే రూటా.

“సియెని.”

రూటా వేళ్ళు కీబోర్డు మీద టకటకలాడి ఆగిపోయాయి. “మీది తొమ్మిదింటికి. ఇప్పుడు పది కావస్తోంది.”

“నాది పదింటికి కదమ్మా! ఇంకా ముందే వచ్చాను.”

“ఇక్కడ తొమ్మిదని ఉంది. నా చేత్తో నేను కొట్టిన తొమ్మిది.”

“ఫోను పదంది.”

“దానంతట అది అంటుందా? నేనేం కొడితే అదే అంటుంది.”

వరండా బెంచీ మీంచి ఎవరో మగగొంతు, “దక్షిణం వాళ్ళు గడియారం చూడాలంటే కొబ్బరిచెట్టు ఎక్కాలి రూటా, పోనీలే,” అంది. బెంచీ అంతా నవ్వింది. తెలేసియాకి తీగ చేతికి దొరికింది గాని, బయటికి రాబుద్ధి కాలేదు.

న్యూజిలాండ్ నుంచి కళ్ళ డాక్టరు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. ఈసారి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఆ తర్వాత సామాన్లు సర్దుకుని విమానానికి వెళ్ళిపోతుంది. సియెని వేళ అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. రూటా తెర మీద ఆమె పేరు పక్కన ‘ఆలస్యం’ అని పైకే అంటూ నొక్కింది.

“వచ్చే ఏడాదికి రాస్తాను పెద్దమ్మా. అప్పుడైనా టైముకి రండి.”

“నేను ఆలస్యంగా వచ్చే మనిషిని కాదమ్మా. మా చర్చి గంట కొట్టేది నేనే.”

ఆ మాట గొంతు పెంచకుండానే అంది. తెలేసియా బల్ల కిందనుంచి లేచి చూసింది. పొట్టి మనిషి. జడ చుట్టి దువ్వెన గుచ్చుకుంది, ఆదివారం వేసుకునే తెల్లగౌను తొడుక్కుంది. కుడి కంట్లో పాలపొర ముదిరిపోయింది. ఎడమ కంట్లో ఇప్పుడిప్పుడే మబ్బు కమ్ముతోంది. ఎదురుగా ఉన్న మనిషిని చూడాలంటే తల కాస్త పక్కకి తిప్పుకోవాల్సి వస్తోంది.

“ఆ కంటితో గంటెలా కొడుతున్నావు?” అన్నాడు బెంచీ మీది మనిషి, ఈసారి నవ్వకుండా.

“వెలుగు ఎంత మిగిలిందో ఇంకా తెలుస్తోంది నాయనా. తెలియనిరోజు వేరేవాళ్ళు కొడతారు.”

“మీ ఫోను ఒకసారి చూడొచ్చా?” అంది తెలేసియా.

పాత బటన్ల ఫోను. సందేశంలో పది అనే ఉంది. రూటా తెర మీదా తప్పేమీ లేదు, తొమ్మిదే. ఒకే మనిషి, ఒకే వేళ, రెండు అంకెలు. గోడమీది కేలండరు చూసేసరికి తెలేసియాకి సంగతి తట్టింది. నిన్న ఆదివారం. ఏటా వేసవి వెలుగు కలిసొచ్చేలా దేశమంతా గడియారం ఒక గంట ముందుకి జరిపేది ఆ ఆదివారమే. ఈ ఏడు జరపడం లేదని ప్రభుత్వం రెండు వారాల కిందటే చెప్పింది. దేశంలో ఎవరూ జరపలేదు. తమ కంపెనీ ప్రోగ్రాము మాత్రం సందేశాల్లో వేళని తనంతట తానే జరిపేసుకుంది.

అది చెబుదామని నోరు తెరిచేలోగా సియెని ఫోను పుచ్చుకుని వెనుతిరిగింది. బెంచీ మీదివాళ్ళ ముందునుంచి పోతూ నడుం వంచి, చెయ్యి కిందకి చాచి, “తులౌ, తులౌ,” అంది. ఎదుటివాళ్ళకి అడ్డొచ్చినందుకు మన్నించమని అనే మాట అది. ఇందాక రూటా ఫైలు పట్టుకుని ఆమె ముందునుంచే రెండుసార్లు నిటారుగా నడిచి వెళ్ళింది.

*

“మా దగ్గర గడియారం మారిందే!” అన్నాడు గ్రేమ్. మంగళవారం పొద్దున ఆక్లండ్‌లోని కంపెనీ పెద్దాఫీసు నుంచి తెర మీద అతని ముఖం నీలంగా కనిపిస్తోంది.

“మీ దగ్గర మారింది. మా దగ్గర మారలేదు. ఏ దేశంలో టైమెంతో చెప్పే పట్టిక పాతది. కొత్తది బయట ఎప్పుడో వచ్చేసింది. అదొక్కటీ మార్చి ఇవ్వండి.”

“డిసెంబరు మూటలో వస్తుంది.”

“డాక్టరు శుక్రవారం వెళ్ళిపోతుంది!”

“తెలేసియా, ఒక్క ముక్కని విడిగా ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు. ఇవాళ నీ ముక్క, రేపు ఫిజీ వాళ్ళ ముక్క. ఏదైనా కూలితే ఎవరి దగ్గర ఏముందో నాకెలా తెలుస్తుంది? అన్నీ కలిపి పరీక్షించాం, అన్నీ కలిపే ఇస్తాం. అప్పటిదాకా క్లినిక్కు వాళ్ళని ఎలాగో సర్దుకోమను.”

అతను చెప్పిందీ తప్పు కాదు. అదే ఆమెని మరింత కుదురు లేకుండా చేసింది. తప్పయితే పోట్లాడొచ్చు.

అపాయింట్‌మెంట్లు, బిల్లులు, మందుల నిల్వ, సందేశాలు అన్నీ కలిపి మూడు నెలలకోసారి వచ్చే ఆ మూటకి అపియా ఆఫీసులో ‘ఉము’ అని పేరు. ఆ పేరు పెట్టింది ఇయోసెఫో. ఆఫీసుకి పెద్ద, తన ఊరికీ పెద్ద. ఉము అంటే ఆదివారం వంట: కాలిన రాళ్ళ మీద చేమదుంపలు, సీమపనస, చేపలు, కొబ్బరిపాలు పోసిన చేమాకు పొట్లాలు అన్నీ పేర్చి ఆకులతో కప్పేశాక మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టరు. అన్నీ కలిసి ఉడకాలి, అన్నీ ఒక్కసారే బయటికి రావాలి.

“మా నాన్నకి ఉప్పు పడదు,” అంది తెలేసియా. “ఆయన పొట్లం ఒక్కటీ అమ్మ విడిగా స్టవ్ మీద వండేది. దానివల్ల ఉము ఏమీ పాడవలేదు ఇయోసెఫో గారూ.”

ఇయోసెఫో కొబ్బరిపాల బన్ను విరిచి, సగం ఆమె వైపు తోశాడు. “మీ అమ్మ వండింది మీ నాన్న ఒక్కడికి. నువ్వు వండేది ఇన్ని క్లినిక్కులకి. తిన్నవాడు పడిపోతే?”

“ముందు వండనివ్వండి. తినిపించాలో వద్దో మీరే చెప్పండి.”

ఆయన వద్దనలేదు. వండమనీ అనలేదు. బన్ను తినడం మొదలుపెట్టాడు.

*

బుధవారం పొద్దున పట్టిక ఉన్న భాగాన్ని ఖాళీ ఫోల్డరులోకి తీసి, అదొక్కటే విడి ప్రోగ్రాముగా కట్టమని, బిల్డ్ చెయ్యమని కంప్యూటరుకి చెప్పింది. తెరనిండా ఎర్ర వరుసలు. బిల్లుల భాగం కావాలంది. తెచ్చి పెట్టింది. ఆ బిల్లుల భాగం మందుల నిల్వ లేనిదే కదలనంది. అదీ తెచ్చింది. మందుల నిల్వ సందేశాల భాగాన్ని అడిగింది. తలెత్తి చూసుకునేసరికి విడి ఫోల్డరులో మళ్ళీ మూటే తయారైంది.

లేచి కిటికీ దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది. రూటాకి ఫోను చేసింది.

“శుక్రవారం ఒకటి మిగిలింది,” అంది రూటా. “ఒకాయనకి జ్వరం. పదకొండింటికి, అదే ఆఖరుది. ఆ సియెని పెద్దమ్మకి ఇస్తాను. కానీ తెలేసియా, ఈసారీ గంట ఆలస్యమైతే నాకేం చెప్పొద్దు. ఇప్పటికే అందరూ నన్నే తిడుతున్నారు.”

“నీ తప్పు కాదక్కా. మాదే.”

“అది వచ్చి ఈ బెంచీకి చెప్పు.”

తెలేసియా కూర్చుని, తెచ్చినవన్నీ తుడిచేసింది. ఈసారి ఏం కావాలని అడగలేదు. ఎందుకు కావాలో చూసింది. పట్టికకి బిల్లులతో పనేమిటి? ఒక్కో వరుసా వేలుపెట్టి చదువుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి దొరికింది. దేశాల పేర్ల జాబితా! చిన్న ఫైలు. రెండోసారి రాయడం ఎందుకని ఎవరో ఎన్నడో బిల్లుల భాగంనుంచి అరువు తెచ్చుకున్నారు. ఆ అరువుకోసం ఇంత మూటా ఒకదాని వెనక ఒకటి తాడు కట్టుకుని వస్తోంది. జాబితాకి నకలు తీసి పట్టిక పక్కనే పెట్టింది. తాడు తెంపింది. ప్రపంచమంతా వాడే కొత్త పట్టిక తెచ్చి లోపల ఉంచింది. మళ్ళీ బిల్డ్ చెయ్యమంది.

ఈసారి ఎర్ర వరుసలు లేవు. కప్పులో కోకో ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

“అయింది,” అంది. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

ఇయోసెఫో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. “ఎక్కించడం తర్వాత. ముందు తియ్యడం చూపించు.”

“తియ్యడమా?”

“ఎక్కించాక ఏదైనా కూలితే పాతది తిరిగి పెట్టాలిగా. అది చూపించు. ఆ వాడని మిషను మీద.”

చూపించింది. కొత్తది తీసి పాతది పెట్టింది. ఆయన తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. సందేశాల సర్వీసుని ఆపి మళ్ళీ మొదలుపెట్టడం ఆమె మరిచిపోయింది. పాతది పెట్టినా కొత్త టైమే చూపిస్తోంది.  

“మళ్ళీ,” అన్నాడు.

మళ్ళీ చేసింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

“ఇంకోసారి. ఈసారి నేను మాట్లాడుతూ ఉంటాను. నిజంగా కూలినప్పుడు గ్రేమ్ ఇలాగే చెవిలో మాట్లాడతాడు.” నిజంగానే మాట్లాడాడు. రగ్బీ గురించి, తన అల్లుడి కొత్త బండి గురించి, మధ్యలో, “ఏమైంది, ఏమైంది, ఎంతసేపు?” అంటూ. తెలేసియా నవ్వాపుకుంటూ పూర్తిచేసింది.

“సరే, ఎక్కించు. మన దేశం క్లినిక్కులకే. గ్రేమ్‌కి ఉత్తరం నేను రాస్తాను, ఎక్కించాక. ముందు రాస్తే వద్దంటాడు. వద్దన్నాక చేస్తే అది వేరే తప్పు.”

సాయంత్రం సందేశాలు బయల్దేరే ముందు తన నంబరుతో ఒక దొంగ అపాయింట్‌మెంట్ పెట్టుకుంది. ఆఫీసునుంచే తెరిచి చూసిన క్లినిక్కు తెరలో తొమ్మిది. ఫోను మోగింది. తొమ్మిది. ప్రార్థన వేళకి ఊరంతా సద్దుమణిగింది. ఫోను పట్టుకుని ఆమె ఆఫీసు మెట్ల మీద అలాగే కూర్చుండిపోయింది. వెళ్ళి ఎవరికైనా చూపించాలనిపించింది. చూపిస్తే ఏం కనబడుతుంది? ఉండాల్సిన చోట ఉన్న ఒక తొమ్మిది.

*

గురువారం క్లినిక్కుకి వెళ్ళేసరికి వరండా పొర్లిపోతోంది. బెంచీ చాలక జనం గడ్డిమీద చాపలు పరుచుకున్నారు.

“ఏం చేశావు నువ్వు?” అంది రూటా. “ఎనిమిదింటి వాళ్ళు ఏడింటికే దిగారు!”

“నేను సరిచేశాను. సందేశంలో ఎనిమిదనే కదా వెళ్ళింది?”

“సరిచేశావా! నాకు చెప్పొద్దూ? నువ్వు ఎలాగో సర్దుకోమన్నావని, ఫోనులో ఉన్నదానికంటే ఒక గంట ముందు రమ్మని మంగళవారం నేను రేడియోలో చెప్పించాను. పాస్టర్లందరూ రాత్రి ప్రార్థనలో చెప్పారు.”

 తెలేసియాకి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. లోపల ముక్క సరిపోతే బయట మనుషులు సరిపోతారనుకుంది. “పోనీలే అక్కా,” అంది చివరికి. “ముందొస్తే నష్టమేముంది.”

“డాక్టరమ్మకి సంతోషంగానే ఉంది. తొందరగా మొదలుపెట్టింది.”

పది దాటాక ఒకతను చెమటలు కక్కుతూ మెట్లెక్కాడు. చెప్పులకి ఎర్రమట్టి. వేళ తొమ్మిదింటిది.

“ఇప్పుడా వచ్చేది?” అంది రూటా.

“ఫోను తొమ్మిదంది. ఒక గంట కలుపుకోమని మా పాస్టరుగారు చెప్పారు. పదింటికే వచ్చాను.”

“కలుపుకోవడమా? తీసెయ్యమన్నాం!”

“మా ఊళ్ళో కలుపుకోమనే చెప్పారు. గడియారం ముందుకా వెనక్కా అని పెద్దలు రాత్రి అరగంట వాదించుకుని మరీ తేల్చారు.”

జనం ముందే రావడంవల్ల అతనికి ఎలాగో చోటు దొరికింది. తెలేసియా అతని వెనకే వెళ్ళి ఊరేదని అడిగింది. అతను చెప్పింది సియెని ఊరే.

రేపు పదకొండుది ఆఖరు వేళ. దాని వెనక చోటు లేదు. ఒక గంట కలుపుకుని పన్నెండింటికి వస్తే, డాక్టరు పెట్టెకి తాళం వేస్తూ ఉంటుంది. తాను చెయ్యి పెట్టకముందు రెండు మాటల్లో ఒకటైనా నిజమయ్యేది. ఇప్పుడు ‘కలుపుకో’ తప్పే, ‘తీసెయ్యి’ తప్పే.

సియెని నంబరుకి చేసింది. ఆపేసి ఉంది. సాయంత్రం పదకొండు అని సందేశం వెళ్ళాక, తనే ఇంకోటి పంపింది: గంట కలపకండి, ఉన్నది ఉన్నట్టే రండి. జవాబు లేదు.

“రేపు పదకొండింటికి గ్రేమ్ కాల్ పెట్టాడు,” అన్నాడు ఇయోసెఫో. “ఎవరు ఎక్కించారు, ఎందుకని అడుగుతాడు. నువ్వే చెప్పాలి. ఉద్యోగం మాటా రావొచ్చు.”

“ఉంటానండీ,” అంది ఆమె.

*

శుక్రవారం సంతలో మొదట కనబడిన దక్షిణ తీరం బస్సెక్కింది. చీకటితోనే పల్లెనుంచి వచ్చిన బస్సు తిరిగి వెళ్తోంది. దాదాపు ఖాళీగా ఉంది. కొండెక్కుతున్నంతసేపూ ఆమె ముందుసీటు కమ్మీని వదల్లేదు. సియెనిని ఎక్కించుకుని ఇదే బస్సులో వెనక్కొస్తే పదకొండుకి ముందే క్లినిక్కు, పదకొండుకి ఆఫీసు.

సియెని కోడలు ఫెతూ వాకిట్లో ఆకులు ఊడుస్తోంది. “అత్తయ్యా? వెళ్ళిపోయింది. రాత్రి పదకొండన్న సందేశం చదివి వినిపించగానే ఫోను ఆపెయ్యమంది. పాస్టరుగారు గంట కలుపుకోమన్నారు, పన్నెండింటికి వెళ్తే చాలు, వంట చేసి పెడతానన్నాను. వింటేగా! చీకట్లో మొదటి బస్సెక్కేసింది. ఫోను కూడా ఇక్కడే పడేసి పోయింది, అబద్ధాలకోరని.”

తెలేసియా గుమ్మం అంచున కూర్చుంది.  వెంటనే మరోటి గుర్తొచ్చింది. “రేపు క్లినిక్కులో నర్సు చేత కట్టు విప్పించుకోవాల్సినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?”

“ఇద్దరున్నారు.”

“గంట కలపొద్దు, తీసెయ్యొద్దని పాస్టరుగారితో చెప్పవా?”

“ఆయనకి నేను చెప్పాలా?” ఫెతూ చీపురు ఆపి నవ్వింది. “మీ చదువుకున్నవాళ్ళే చెప్పుకోండి.”

పాస్టరు ఇంటికెళ్ళి గుమ్మంలోనుంచి మాట విసిరేసి రావడం కుదరదు. చాప మీద కాళ్ళు మడుచుకుని కూర్చోవాలి. ఏ ఊరు, ఎవరి పిల్ల అన్నవి అయ్యాక, కోకో వచ్చాక, అప్పుడు. కోకో వచ్చింది. కాలిపోతోంది. దారిమీద బస్సు హారను వినిపించింది, దగ్గరైంది, దాటిపోయింది. తెలేసియా కప్పు దించలేదు.

“నేను కలుపుకోమన్నానా? రేడియోలో అదే చెప్పారే!”

“తీసెయ్యమన్నారండీ. ఇప్పుడు అదీ వద్దు.”

“అంటే ఫోనులో ఎంతుంటే అంత?”

“అంతేనండీ.”

“అది చెప్పడానికా అపియా నుంచి వచ్చావు?” అన్నాడు ఆయన. వెక్కిరింత కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. “సరే, సాయంత్రం చెబుతాను. ఇంకోసారి మార్చరు కదా? నా మాట పోతుంది.”

“మారిస్తే ముందు మీకే చెబుతానండీ.” అంటున్నప్పుడే అనిపించింది, మొన్న బుధవారం చెయ్యాల్సింది ఇదేనని.

తర్వాతి బస్సు కోళ్ళనీ, కొబ్బరికాయల బస్తాలనీ, చేపల పెట్టెనీ ఎక్కించుకుంటూ కొండెక్కింది. పదకొండుకి ఆమె కొండమీద మబ్బులో ఉంది. ఫోనుకి సిగ్నల్ లేదు.

క్లినిక్కు వరండా దాదాపు ఖాళీ అయింది. లోపల డాక్టరు మనుషులు పెట్టెలు సర్దుతున్నారు. రూటా తలెత్తి చూసింది.

“ఆలస్యం,” అంది.

బెంచీ చివర సియెని కూర్చుని ఉంది. కుడి కంటిమీద తెల్లటి కట్టు. జడలో దువ్వెన చెక్కుచెదరలేదు.

“పొద్దున తాళం తీసేది నేనే కదా,” అంది రూటా. “నాకంటే ముందు మెట్లమీద కూర్చుని ఉంది. అంత మందిలోనూ డాక్టరమ్మ ఈవిణ్ణే ముందు పిలిచింది.”

“ఈ పిల్లేనా బల్ల కింద ఉన్నది?” అంది సియెని, తల పక్కకి తిప్పి చూస్తూ. “ఏమ్మా, నీ ఫోను ఎన్నింటికి రమ్మంది?”

రూటా నవ్వేసింది. తెలేసియా కూడా. నవ్వాగాక, పంపిన సందేశం మాట ఎత్తబోయి మానేసింది. సియెని దాన్ని చూడనే లేదు. ఇంకెప్పుడు చూస్తుందో.

“ఆ ‘ఆలస్యం’ తీసేసిందా అడుగు,” అంది సియెని.

“తీసేశాను పెద్దమ్మా. మీ ముందే కదా తీసేశాను.”

“నాకు కనబడదు కదా. ఆ పిల్లని చూసి చెప్పమను.”

తెలేసియా బల్ల వెనక్కి వెళ్ళి తెర చూసింది. సోమవారం వరుసలో పేరు పక్కన ఆ మాట లేదు. “లేదు పెద్దమ్మా.”

అప్పుడు ఫోను మోగింది. ఇయోసెఫో.

“కాల్‌లో నేను కూర్చున్నాను,” అన్నాడు. “ఎక్కించింది మేము, తియ్యడమూ మాకు తెలుసని చెప్పాను. ఎలా తీస్తారో రాసి పంపమన్నాడు. సోమవారం నీతో మాట్లాడతాడు. కోపంగానే ఉన్నాడు. ఎక్కడున్నావు?”

“క్లినిక్కులో. వచ్చి రాస్తానండీ.”

“ఆవిడ?”

“అయిపోయింది.”

“సరే,” అని పెట్టేశాడు.

రూటా మందుల సంచి తెచ్చి సియెని చేతిలో పెట్టింది. తిరిగి వెళ్తూ ఆమె ముందునుంచి నడవాల్సి వచ్చి, ఒక్క క్షణం ఆగి, నడుం వంచి, “తులౌ,” అంది.

“సాయంత్రం గంట కొట్టాలి,” అంది సియెని. “బస్సు అందుతుందా? ఇప్పుడు టైమెంత?”

తెలేసియా ఫోను పైకెత్తింది. ముసలామె తడిమి ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించింది.

“అదొద్దు. నువ్వు చెప్పు.”

తెలేసియా వాకిటి నీడకేసి చూసింది. మెట్టు అంచుకి ముడుచుకుని ఉంది.

“పన్నెండు పెద్దమ్మా,” అంది. “బస్సు అందుతుంది. నేను ఎక్కిస్తాను, పదండి.”